పళ్లూ ముక్కూ మారితే మొగుడూ పెళ్లాం ఒకరినొకరు పోల్చుకోలేరా? ఒక 1926 మూకీ గురించి మా ఇంట్లో పేచీ

సౌండుతగ్గించండి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు. మా ఇంట్లో రెండు వారాలుగా ఒక పేచీ నడుస్తోంది, తీర్చేవాళ్లు లేరు.

ముందు సంగతి చెప్తాను. మా నాన్నకి మూడేళ్ల నుంచి వినికిడి బాగా తగ్గింది. చెవి మెషీన్ కొన్నాం. పెట్టుకుంటే కుయ్‌మని కూస్తుందని ఆయన దాన్ని బీరువా సొరుగులో పెట్టి తాళం వేసుకున్నారు. పోకుండా జాగ్రత్తట. టీవీ ముందు అందరం కూర్చున్నప్పుడు మేం నవ్వేవాళ్లం, ఆయన మా మొహాలు చూసి నవ్వేవారు. అర సెకను ఆలస్యంగా. ఆ అర సెకను చూడటం నా వల్ల కాలేదు. అందుకే ఒక ఆదివారం సాయంత్రం మూకీ కామెడీలు పెట్టడం మొదలుపెట్టాను. వాటిలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి పేచీ లేదు. మధ్యలో వచ్చే టైటిల్ కార్డులు అమ్మకి నేను తెలుగులో చెప్తాను. నాన్న తనే చదువుకుని, నేను నోరు తెరిచేలోపే నవ్వేస్తారు. ఇప్పుడు అర సెకను ఆలస్యం అమ్మది.

అలా వెతుకుతుంటే ‘మైటీ లైక్ ఎ మూస్’ దొరికింది. 1926 సినిమా, రెండు రీళ్లు, ఇరవై నిమిషాల పైచిలుకు. భర్త చార్లీ చేజ్, భార్య వివియన్ ఓక్లాండ్. ఆయనవి ఎత్తుపళ్లు, ఆవిడది పెద్ద ముక్కు. ఒకరికి తెలియకుండా ఒకరు డాక్టర్ల దగ్గరికి వెళ్లి ఆయన పళ్లు, ఆవిడ ముక్కు సరిచేయించుకుంటారు. బయటికొచ్చి ఎదురుపడతారు. పోల్చుకోరు! ఎవరో పరాయి అందగాడు, ఎవరో పరాయి అందగత్తె అనుకుని ఇద్దరూ మురిసిపోయి ఆ రాత్రి పార్టీకి వెళ్దామని చెప్పుకుంటారు. తర్వాత ఇద్దరూ ఒకే ఇంటికి వచ్చి, ఒకరి కంట ఒకరు పడకుండా ముస్తాబై, ఒకరినొకరు మోసం చేయడానికి ఒకరితో ఒకరు బయల్దేరతారు. ఈ ఒక్క వాక్యం సరిగ్గా రాయడానికే నాకు మూడుసార్లు పట్టింది. తీసినవాళ్లకి ఎలా కుదిరిందో మరి.

ఆ పార్టీ మీద పోలీసులు పడతారు, ఇద్దరూ వేర్వేరుగా ఇల్లు చేరతారు, గుట్టు ముందు భర్తకి తెలిసిపోతుంది. అసలు తమాషా అప్పుడు. పెళ్లానికి బుద్ధి చెప్పాలని మొగుడూ తనే, ప్రియుడూ తనే అయి తనతో తనే కలబడతాడు. ఎత్తుపళ్లు పెడితే మొగుడు, తీస్తే ప్రియుడు. ఆ కొట్లాట చూస్తూ నాన్న సోఫా చెయ్యి మీద ఎంత గట్టిగా చరిచారంటే రిమోట్ కిందపడి బ్యాటరీలు మంచం కిందికి దొర్లిపోయాయి.

అంతా అయ్యాక అడిగారు: “బాగానే ఉంది గానీ, ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషిని పళ్లు మారితే పోల్చుకోలేరా? నా ముక్కు మారితే మీ అమ్మ పోల్చుకోలేదా?”

అమ్మ తలెత్తకుండానే “నేను పోల్చుకుంటాను. ఆయనే పోల్చుకోరు” అంది. నాన్నకి వినపడలేదు. నేను కాగితం మీద రాసి చూపించాను. రెండు వారాల పేచీకి మూలం ఆ కాగితమే, తప్పంతా నాదే.

అమ్మది ఇంకో అభ్యంతరం. “ఆవిడకి బుద్ధి చెప్పడానికి వీడెవడు? వీడూ వెళ్లాడుగా అదే పార్టీకి?” అని. దీనికీ నా దగ్గర జవాబు లేదు.

తెలిసినవాళ్లు చెప్పండి. మనం దీన్ని ఎలా నమ్మేస్తున్నాం? ఇలా ఒకరిని చూసి ఇంకొకరనుకోవడం, ఇంటిల్లిపాదీ కలిసి చేసే అల్లరి ఉన్న మూకీలు ఇంకేం ఉన్నాయి? మరీ పొడవైనవి వద్దు, నలభై నిమిషాలు దాటితే నాన్న నిద్రపోతారు. ఇంకొకటి, కొన్నిటిలో మనుషులు చీమల్లా పరుగులు పెడుతున్నారు. అది మా టీవీ జబ్బా?

మూలసీటు

వాళ్లు పోల్చుకుంటే సినిమా నాలుగో నిమిషంలో అయిపోతుంది కదండీ. రెండు రీళ్లు నింపాలి పాపం.

సరదాకన్నాను. తీరిగ్గా మళ్లీ రాస్తాను.

రెండురీళ్లు

మీ నాన్నగారికి నా నమస్కారాలు. ఆ కొట్లాట దగ్గర రిమోట్ పడేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

పోల్చుకోకపోవడం సంగతి. ఆ సినిమా మొదలైన తీరు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఇద్దరి గురించి మనకి ముందుగా చెప్పేది ఒక్కటే ముక్క: ఈయనంటే పళ్లు, ఈవిడంటే ముక్కు. ఉద్యోగమేంటి, ఊరేంటి, స్వభావమేంటి, ఏదీ చెప్పరు. మనిషికి ఒకే ఒక గుర్తు ఇచ్చి, తర్వాత ఆ గుర్తు తీసేస్తారు. గుర్తు పోయాక మిగిలింది పరాయి మనిషే అని మనమే ఒప్పేసుకుంటాం. పిల్లలు బొమ్మకి మీసం గీసి “ఇదిగో తాతయ్య” అంటారు చూడండి, అదే లెక్క. మొదటి రెండు నిమిషాలు మిస్సయినవాళ్లకి ఈ సినిమా నిజంగానే అర్థం కాదు, నేను ఇంట్లో పెట్టి చూశాను.

ఇంకో కిటుకు ఏంటంటే, ఇద్దరూ సమానంగా పొరబడతారు. ఒక్కరే పోల్చుకోకపోతే ఆ ఒక్కరూ మొద్దు అయిపోతారు. ఇద్దరూ అంతే కాబట్టి ఎవరి మీదా మనకి చిరాకు రాదు. మీ అమ్మగారి అభ్యంతరం మాత్రం నూటికి నూరుపాళ్లు న్యాయం. ఆ కొట్లాటలో మనం పడీపడీ నవ్వేది కూడా అందుకే అనుకుంటాను. తప్పు చేసినవాడే మొగుడి హోదాలో రొమ్ము విరుచుకుని, తప్పు చేసిన ఇంకోణ్ని, అంటే తననే, చావగొడుతున్నాడు. న్యాయం తెలియకుండానే జరిగిపోతోంది కదా. చివర్లో ఆవిడ ఏం చేస్తుందో చూశారుగా, ఇక్కడ చూడనివాళ్లుంటారు కాబట్టి రాయను.

దర్శకుడు లియో మెకారీ. అప్పట్లో హాల్ రోచ్ స్టూడియోలో చేజ్‌తో వరసగా ఈ రెండు రీళ్ల కామెడీలు తీశాడు. మొగుడూ పెళ్లాల గొడవలంటే ఈయనకి చివరిదాకా మక్కువే. 1937లో విడాకుల అంచుకొచ్చిన జంట మీద ‘ది ఆఫుల్ ట్రూత్’ తీసి ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ అందుకున్నాడు. చేజ్ అసలు పేరు చార్లెస్ ప్యారట్. 1893లో బాల్టిమోర్‌లో పుట్టి, 1940లో 46 ఏళ్లకే పోయాడు. అప్పటి మూకీ హాస్యనటుల్లో చాప్లిన్‌కి చిరుగుల కోటు, కీటన్‌కి నవ్వని మొహం, లాయిడ్‌కి కళ్లజోడు ఉన్నట్టు ఈయనకి ప్రత్యేకమైన వేషం ఏదీ లేదు. సన్న మీసం, శుభ్రమైన సూటు, పక్కింటాయనలా ఉంటాడు. అందుకే జనం మరిచిపోయారని నా బాధ. కానీ ఈ కథకి కావలసింది అలాంటి మనిషే. చాప్లిన్ పళ్లు మార్చుకుంటే ఎవరు పోల్చుకోరు చెప్పండి?

అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు భద్రపరచాల్సిన సినిమాల జాబితా ఒకటి పెట్టుకుని ఏటా 25 చేరుస్తారు. 2007లో చేరినవాటిలో ఈ ఇరవై నిమిషాల పళ్ల గోల కూడా ఉంది. అమెరికాలో 95 ఏళ్ల కాపీరైట్ గడువు తీరి, 1926 సినిమాలు 2022 జనవరి 1న అందరివీ అయ్యాయి. అందుకే నెట్‌లో దీని కాపీలు కుప్పలు. బొమ్మ మసగ్గా ఉన్నది దొరికితే వదిలేసి ఇంకోటి వెతకండి. పళ్లు కనపడకపోతే కథే లేదు.

చీమల పరుగు మీ టీవీ జబ్బు కాదు. ఆ రోజుల్లో చాలామటుకు కెమెరాకి పిడి ఉండేది, కెమెరామన్ చేత్తో తిప్పేవాడు. సెకనుకి 16 ఫ్రేములు కావచ్చు, 20 కావచ్చు, చెయ్యి ఎలా తిరిగితే అలా. టాకీలు వచ్చాక ధ్వని కోసం 24 అని ఖాయం చేశారు. 18తో తీసింది 24తో ఆడిస్తే మనుషులు చీమలవుతారు. ప్లేయర్లో వేగం 0.75 పెట్టి చూడండి, చాలావాటికి సరిపోతుంది. అన్నిటికీ అలా చేసెయ్యకండి మళ్లీ. కామెడీవాళ్లు వెంటపడే సీన్లలో కావాలనే పిడి నెమ్మదిగా తిప్పి తెర మీద వేగం తెప్పించేవారు. దాన్ని నిదానం చేస్తే వడ్డించిన జోకుని వెనక్కి తీసుకున్నట్టే.

మూలసీటు

తీరిగ్గా వచ్చాను. నాది కాస్త వేరే పాట.

‘మూస్’ నాకు నచ్చుతుంది గానీ, పొరబాటు కామెడీ అంటే నా లెక్కలో 1921 నాటి చాప్లిన్ ‘ది ఐడిల్ క్లాస్’. అరగంట. అందులో తాగుబోతు షావుకారు, దేశదిమ్మరి, ఇద్దరూ చాప్లినే. షావుకారు భార్య ఎడ్నా పర్వియన్స్. మారువేషాల విందులో దేశదిమ్మరి మామూలు చింపిరి బట్టలతో చొరబడితే, అది మా ఆయన వేసిన వేషం కాబోలు అనుకుంటుంది ఆ ఇల్లాలు. అసలు మొగుడేమో లోహపు కవచం వేసుకుని, మొహం మీద మూత బిగుసుకుపోయి, నేనే మొగుణ్నని చెప్పుకోలేక గిలగిల కొట్టుకుంటుంటాడు. కవచం తీసే పనిముట్టు ఏంటో తెలుసా? డబ్బాలు కోసే కత్తి. దానితో మూత విప్పి సాయం చేసేవాడెవడో కూడా తెలుసా? ఆ దేశదిమ్మరే.

కానీ నేను చెప్పదలచుకుంది ఆ సీను కాదు. అంతకు ముందు ఒకటి ఉంది. నువ్వు తాగుడు మానేదాకా నేను వేరే గదుల్లో ఉంటానని భార్య చీటీ రాసి పెడుతుంది. షావుకారు అది చదువుకుని, పక్కనున్న ఆవిడ ఫొటో చూసి, మనకి వీపు తిప్పేసి నిలబడతాడు. భుజాలు కదులుతాయి. ఇంకా కదులుతాయి. వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు పాపం అనుకుంటాం. అప్పుడు ఇటు తిరుగుతాడు. చేతిలో కాక్‌టెయిల్ కలిపే పాత్ర, దాన్ని ఊపుతున్నాడు! పొడికళ్లతో.

ఇక్కడ పొరబడింది తెర మీది మనుషులు కాదు, మనం. ‘మూస్’లో అన్నీ మనకి ముందే తెలుసు, వాళ్లకే తెలీదు. ఇందులో మనల్నే బుట్టలో వేశాడు. మీ నాన్నగారికి ఇది చూపించి, ఆయన భుజాల సీన్లో జాలిపడతారో లేదో చూసి చెప్పండి.

(అదే షావుకారు అంతకు ముందు ప్యాంటు వేసుకోవడం మర్చిపోయి బయల్దేరతాడు. వార్తాపత్రిక అడ్డం పెట్టుకుని నడిచే నడక కోసమైనా చూడాలి.)

పాతసినిమాపిచ్చి

ఇంటిల్లిపాదీ అల్లరి అన్నారు కదా, అయితే 1922 నాటి బస్టర్ కీటన్ ‘మై వైఫ్స్ రిలేషన్స్’ చూడకుండా నిద్రపోవద్దు. అదీ రెండు రీళ్లే.

ఒక దృఢకాయురాలు, కేట్ ప్రైస్ అని గొప్ప నటి, ఏదో గొడవలో కీటన్‌ని చొక్కా పట్టుకుని జడ్జి దగ్గరికి ఈడ్చుకొస్తుంది. ఆ జడ్జికి పోలిష్ తప్ప ఇంకో భాష రాదు. పెళ్లికి ఒక జంట రావాల్సి ఉంది, వీళ్లే కాబోలనుకుని పెళ్లి చేసేస్తాడు. ఫిర్యాదుకి వెళ్లినవాళ్లు దంపతులై బయటికొస్తారు. ఇంటికెళ్తే బావమరుదులు, మామగారు, ఒక్కొక్కరు ఆంబోతుల్లా ఉంటారు. మన పిల్లాడు వాళ్ల మధ్య అగ్గిపుల్ల.

భోజనాల సీను ఒక్కటి చెప్తాను. మాంసం పళ్లెం బల్ల మీదికి రాగానే అన్ని చేతులూ దాని మీదే, కీటన్‌కి ఎముక కూడా దక్కదు. చుట్టూ చూస్తాడు. గోడ మీద క్యాలెండరు. లేచి వెళ్లి కాగితం చింపి శుక్రవారం చేస్తాడు. వాళ్లు కాథలిక్కులు, శుక్రవారం మాంసం ముట్టకూడదు. అంతే, నోటి దాకా వెళ్లిన ముక్కలన్నీ పళ్లెంలోకి తిరిగొస్తాయి. కీటన్ మాత్రం తింటూ కూర్చుంటాడు. మొహంలో ఒక్క గీత కదలదు. ఇది అమ్మగారికి ముందే చెప్పాలి, శుక్రవారం సంగతి తెలియకపోతే ఆ జోకు వృథా.

ఆ తర్వాత ఈయన జేబులో లక్ష డాలర్ల ఆస్తి వచ్చిందన్న ఉత్తరం దొరుకుతుంది. అది ఈయనది కానే కాదు, పొరబాటున జేబులోకి చేరింది. అయినా రాత్రికి రాత్రి అగ్గిపుల్ల కాస్తా అల్లుడుగారు అయిపోతాడు. పొరబాటు పెళ్లి, పొరబాటు ఆస్తి, రెండూ ఒకే అల్లుడికి. ముగింపులో రైలు వెనక రీనో అని కనిపిస్తుంది. అప్పటి అమెరికాలో చప్పున విడాకులు కావాలంటే వెళ్లే ఊరు అది. ఆ పేరుకే హాలంతా నవ్వేదన్నమాట.

కీటన్ ఇలాంటి ఇంటి కుమ్ములాటల్ని ఎక్కడ నేర్చాడో కూడా ఒక మాట. వాళ్లమ్మా నాన్నా రంగస్థల నటులు. ముగ్గురూ కలిసి ‘త్రీ కీటన్స్’ పేరుతో ఆడేవారు. వాళ్ల ప్రదర్శనలో సగం పని తండ్రి ఈ పిల్లాణ్ని స్టేజీ మీద అటూ ఇటూ విసరడమే. దెబ్బ తగలని పిల్లాడని ప్రచారం చేసేవారు. విసిరినప్పుడు నవ్వితే జనం నవ్వరని, మొహం బిగపట్టుకుంటేనే నవ్వుతారని ఆ పిల్లాడు అప్పుడే గ్రహించాడు.

ఇంకోటి. అదే కీటన్ 1921లో తీసిన ‘ది ప్లేహౌస్’. నాటకశాలలో వాయించేవాళ్లు, ఆడేవాళ్లు, చూసేవాళ్లు, ముసలావిడతో సహా అందరూ కీటనే. ఒక సీన్లో తొమ్మిదిమంది కీటన్లు ఒకే వరసలో ఉంటారు. కెమెరామన్ ఎల్జిన్ లెస్లీ లెన్సుకి అడ్డాలు పెట్టి, కొంచెం తెరిచి తీసి, అదే ఫిల్మ్ వెనక్కి తిప్పి, పక్క ముక్క తెరిచి మళ్లీ తీశాడు. పైన రెండురీళ్లు గారు చెప్పిన చేతి పిడితోనే. తొమ్మిదిసార్లూ చెయ్యి ఒకే లయలో తిరగాలి, ఎక్కడ తేడా వచ్చినా మొత్తం మొదటికొస్తుంది. కంప్యూటర్ కాలంలో మనకి ఇది ఏమీ అనిపించదు, కానీ ఆ చెయ్యిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే. రెండో సగంలో కవల అక్కచెల్లెళ్లు వస్తారు, ఎవరు ఎవరో తెలియక వీడు పడే అవస్థ మీరడిగిన కోవలోదే.

సౌండుతగ్గించండి

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఈ ఆదివారం ‘ఐడిల్ క్లాస్’, ‘మై వైఫ్స్ రిలేషన్స్’ రెండూ పెట్టాను.

మూలసీటు గారూ, భుజాల సీన్లో నాన్న జాలిపడలేదు. “తాగుతున్నాడు వాడు” అన్నారు, వీపు ఇటున్నప్పుడే. ఎలా తెలిసింది అని రాసి చూపిస్తే, “ఏడిస్తే తల వంగుతుంది. వీడి తల నిటారుగా ఉంది” అన్నారు. అమ్మా నేనూ మాత్రం జాలిపడి కూర్చున్నాం. మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. తల విషయం నాకింకా నమ్మకం కుదరలేదు గానీ, ఆయన మొహంలో గెలుపు చూశాక వాదించలేకపోయాను.

క్యాలెండరు సీన్ ముందే చెప్పి ఉంచాను. అమ్మకి ఎంత నచ్చిందంటే, నిన్న పొద్దున మా వంటింట్లో క్యాలెండరు రెండు రోజులు ముందుకి తిరిగి ఉంది. ఎవరు తిప్పారో, ఎందుకు తిప్పారో ఇంకా తేలలేదు.

వేగం 0.75 పెట్టాక చీమలు మనుషులయ్యారు. ఇంకో సంగతి చూశాను. ఒక రీలు మధ్యలో నేను సౌండ్ పూర్తిగా తీసేశాను. అంతసేపూ పియానో వినపడగానే నవ్వుతున్న అమ్మ, సౌండ్ పోయాక నాన్న నవ్వే చోటే నవ్వడం మొదలుపెట్టింది. సంగీతం మనల్ని ముందే గిల్లుతోందన్నమాట.

కానీ అసలు ప్రశ్న దగ్గర నాన్న ఇంకా మెట్టు దిగలేదు. రెండురీళ్లు గారి జవాబంతా ప్రింట్ తీసి ఇచ్చాను. చదివి, “ఇది సినిమా ఎలా తీశారో చెప్పింది. నేనడిగింది మనిషి ఎలా పోల్చుకోడు అని” అన్నారు.

గుమ్మందగ్గర

మీ నాన్నగారికి ఒక్క ముక్క చెప్పండి. ఆ సినిమాలో గొంతు లేదు.

నిజజీవితంలో మొగుడు పళ్లు మార్చుకొచ్చి “ఏమేవ్” అన్నాడనుకోండి, పెళ్లాం వెనక్కి తిరక్కుండానే పోల్చేస్తుంది. ఫోన్లో హలో అనగానే పోల్చుకోమూ? మూకీలో ఆ దారి మూసేసి ఉంది. పెదాలు కదుల్తాయి, అంతే. మొహం ఒక్కటే ఆధారం, ఆ మొహాన్నే మార్చేశారు. టాకీలు వచ్చాక ఇలాంటి కథ తీయాలంటే గొంతు మార్చడానికో సాకు వెతకాలి, జలుబనో ఇంకోటనో. ఈ రకం కామెడీ తెర మీద పలచబడటానికి అది కూడా ఒక కారణమని నా అనుమానం.

దీనికి సాక్ష్యం కావాలంటే 1933 నాటి ‘డక్ సూప్’లో అద్దం సీను చూడండి. మార్క్స్ సోదరులనే హాస్యనటులది, అదీ మెకారీయే తీశాడు. ఆ సోదరుల్లో గ్రౌచో వేషం వేసుకున్న హార్పో, పగిలిన అద్దం స్థానంలో నిలబడి గ్రౌచోకి ప్రతిబింబంలా నటిస్తాడు. టాకీ అది, గలగలా మాట్లాడే సినిమా. ఆ సీన్లో మాత్రం మాట లేదు, సంగీతం కూడా లేదు. మాట వచ్చిందంటే పొరబాటు చచ్చిపోతుందని మెకారీకి తెలుసు. ఈ అద్దం సరసం అంతకు ముందు 1921లోనే మాక్స్ లిండర్ ‘సెవెన్ ఇయర్స్ బ్యాడ్ లక్’లో ఉంది. అక్కడ అద్దం పగలగొట్టింది ఇంట్లో నౌకర్లు, దొరకి తెలియకుండా ఉండాలని వంటవాడికి దొర బట్టలు వేసి చట్రంలో నిలబెడతారు. అల్లరికి అల్లరి, పొరబాటుకి పొరబాటు. సినిమా గంట పైనే, కాబట్టి నాన్నగారికి ఆ ముక్క ఒక్కటే చూపించండి.

సౌండుతగ్గించండి

గుమ్మందగ్గర గారూ, మీ మొదటి వాక్యం పెద్దక్షరాలతో రాసి నాన్న ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. తర్వాత చెప్పింది వింటే నేను ఈ చర్చ ఎందుకు మొదలుపెట్టానో నాకే కొత్తగా అనిపించింది.

కిందటేడు ఒకటి జరిగింది మా ఇంట్లో. మా అన్నయ్య దూరాన ఉద్యోగం, రెండేళ్ల తర్వాత వచ్చాడు. చెప్పాపెట్టకుండా. పదహారేళ్ల నుంచి ఉన్న మీసం తీసేశాడు, కాస్త సన్నబడ్డాడు, కొత్త కళ్లజోడు. తలుపు తీసింది నాన్న. ఎగాదిగా చూసి, “రండి బాబూ, కూర్చోండి. మా అమ్మాయి లోపలుంది” అన్నారు! అన్నయ్య ఒక్క క్షణం బిత్తరపోయి, మహా కొంటెవాడు కదా, మెల్లగా కూర్చుని ఫోన్లో టైప్ చేసి చూపించాడు: “మీ అబ్బాయి ఫ్రెండునండి.” నేను లోపల్నుంచి వచ్చి చూసి నోరు నొక్కుకున్నాను. అమ్మ వచ్చింది. కొడుకుని చూసి ఎగిరి గంతేయాల్సిన మనిషి, అన్నయ్య కన్ను గీటేసరికి గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్లి, పైవాళ్లు వస్తే తీసే గాజు గ్లాసులో మంచినీళ్లు పట్టుకొచ్చి “తీసుకోండి బాబూ” అంది. నాన్న ఆ అబ్బాయిని జీతం అడిగారు, పెళ్లయిందా అని అడిగారు. ఆ తర్వాత “మా వాడు ఫోన్ చెయ్యడండీ, నాకు వినపడదు కదాని” అన్నారు.

అక్కడితో నాటకం ఆగిపోయింది. అన్నయ్య లేచి, ఎప్పట్లాగే కుడికాలి బొటనవేలితో ఎడమ పిక్క గోక్కున్నాడు. నాన్న దాన్ని చూసి, “ఓరి నువ్వా” అన్నారు. అందరం పగలబడి నవ్వాం. ఆ రోజు నుంచి ఇంట్లో అదొక కథ, వచ్చినవాళ్లందరికీ చెప్తాం. చెప్పినప్పుడల్లా నాన్న కూడా నవ్వుతారు.

ఇప్పుడు ఈ కాగితం చూసి ఆయన అన్నది ఇది: “అవును. గొంతు ఉంటే పోల్చుకునేవాణ్ని. చెవి పోయాక నాకు మనుషులు మొహమూ నడకా, అంతే. మొహం మార్చుకొస్తే నడిచేదాకా ఆగాలి.” అని ఊరుకోకుండా, కాస్త ఆగి, “అయినా ఆ రోజు వాడు గుమ్మం దాటి కుర్చీ దాకా నడిచాడుగా” అన్నారు.

నేను అర్థం కాక చూశాను. మళ్లీ అడిగాను, రాసి. ‘అంటే ముందే తెలుసా?’

ఆయన పెన్ను తీసుకుని నా అక్షరాల కింద రాశారు, మాట్లాడొచ్చు కదా, అయినా రాశారు: ‘ఆ పళ్లవాడికి మాత్రం ముందే తెలియలేదా?’

అన్నయ్యకి ఆ కాగితం ఫొటో తీసి పంపాను. ఫోన్ చెయ్యని సంగతి గుర్తొచ్చిందో ఏమో, ఇప్పుడు రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తున్నాడు. అమ్మ మాత్రం నమ్మట్లేదు. “అబద్ధం. ఆయన పోల్చుకోలేదు, ఇప్పుడు సినిమా చూసి కల్పిస్తున్నారు” అంటోంది. ఈసారి ఆ మాట కాగితం మీద రాయలేదు.

మూలసీటు

అమ్మగారిదే నిజమని నా ఓటు. భుజాల సీను కూడా ఆయన ముందే ఎక్కడో చూసి ఉంటారు.

రెండురీళ్లు

నా ఓటు నాన్నగారికి. చాప్లిన్ ‘ది పిల్‌గ్రిమ్’ కూడా చూపించండి, 1923ది. జైలు నుంచి పారిపోయిన దొంగని ఊరి జనం కొత్త పాదిరీ అనుకుంటారు. అందులో అందరినీ చెంపలు వాయించే ఒక గడుగ్గాయి పిల్లాడు ఉన్నాడు, కేకు అనుకుని టోపీని కోసే సీనూ ఉంది. నలభై నిమిషాలు దాటుతుంది, నిద్రపోతారేమో చూసుకోండి.

సౌండుతగ్గించండి

నిన్న రాత్రి పెట్టాను. టోపీ సీను దాకా మెలకువగానే ఉన్నారు. ఆ తర్వాత కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకుని నేను టీవీ కట్టేశాను. కళ్లు తెరవకుండానే “ఇంకా అవలేదుగా” అన్నారు.